పావులూరి మల్లన - చతురంగపు లెక్క

1022లో వేంగీ సింహాసనము నధిష్ఠించిన రాజరాజనరేంద్రుని పేరు చెప్పగనే మనకు నన్నయభట్టును, ఆతని భారతమును స్ఫురించును. ఆ పదునొకండవ శతాబ్దముననే తెలుగున శాస్త్రరచనకు శ్రీకారము చుట్టిన పావులూరి మల్లనను తలచువారు మాత్రము అరుదు.

మల్లన కమ్మనాటిలోని పావులూరికి అధిపతి, శివ్వన కుమారుడు, శైవుడు. పొలముల కొలతలు, ధాన్యపు రాసులు, వడ్డీలెక్కలు గ్రామాధిపతికి నిత్యవ్యవహారములే కదా! రాజరాజు పిఠాపురము చెంత నవఖండవాడ నగ్రహారముగా నిచ్చినది ఈతనికే యని కొందఱును, ఈతని తాతయగు మఱియొక మల్లనకని కొందఱును వాదింతురు. తాత పేరు మనుమనికి పెట్టు మన యాచారమే పండితుల కీ చిక్కు తెచ్చిపెట్టినది.

ఈతడు తెనిగించినది మహావీరాచార్యుని గణితసారసంగ్రహము. ఆ యాచార్యుడు తొమ్మిదవ శతాబ్దమున రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమువాడు, జైనుడు. ఆనాటి దక్కనున జైనమునకు గల వ్యాప్తికి నేటి పటాన్‌చెరువే సాక్షి: పొట్టలకెరె యను పేర పశ్చిమచాళుక్యులకు రాజధానియైన అచ్చట జైనశిల్పము లెన్నియో బయల్పడినవి. మల్లన మూలమునందలి జినుని స్థానమున శివుని నిలిపెను. లెక్కను మాత్రము చెక్కుచెదరనీయలేదు.

చతురంగపు పలకమీద మొదటి గడిలో ఒకటి, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు ఇబ్బడించుచు పోయినచో అఱువదినాలుగు గడుల మొత్తమెంత? 18446744073709551615. ఈ యిరువదంకెలును మల్లన పేర ప్రసిద్ధమైన ఒక్క పద్యమున ఇమిడియున్నవి; అంకెలతో గాదు, మాటలతో. బాణములనగా అయిదు, చంద్రుడనగా ఒకటి, వేదములనగా నాలుగు, ఆకసమనగా సున్న. ఒకట్ల స్థానమునుండి పైకి చదువుకొనవలెను. ఇది కవిచమత్కారము మాత్రమే కాదు. తాటాకుమీద వ్రాయసగాని గంటము ఒక యంకెను జాఱవిడిచిన కనుగొనువా డుండడు. పద్యమున ఒక మాట తప్పినచో గణము తప్పును, యతి చెడును. శాస్త్రము దేశభాషకు లొంగదని నేటికిని పలుకువారు ఈ పద్యము నొకసారి చదువవలెను.

ఈ మొత్తమునకై అఱువదినాలుగు మాఱులు కూడనక్కఱలేదు. రెంటిని వర్గించి, వచ్చినదానిని మరల వర్గించి, ఇట్లు ఆఱుసారులు చేసి ఒకటి తీసివేసిన చాలును. సంఖ్య తుదిని అయిదున్నది గాన అయిదుతోను, అంకెల కూడిక ఎనుబదియేడు గాన మూడుతోను భాగింపబడును. 17, 257, 65537 అనునవియు దీనిని నిశ్శేషముగ భాగించును. వీనియన్నింటితో భాగింపగా మిగులు 4294967297 అభాజ్యమని ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా విశ్వసించెను. దానిని 641 భాగించునని 1732లో ఆయిలర్ చూపెను.

గడుల నింపవలసినవి బియ్యపు గింజలైనచో, గ్రామునకు నలుబది చొప్పున, ఇంచుమించు నలుబదియాఱు వేల కోట్ల టన్నులగును. నేడు లోకమంతట ఏటేట పండు బియ్యమును ఎనిమిదివందల యేండ్లు కూడబెట్టినను చాలదు.

ఇప్పుడు పటాన్‌చెరువు యంత్రశాలలలోని గణకయంత్రములు సంఖ్యలను ఒకటి, సున్న యను రెండు గుర్తులతో అఱువదినాలుగు గడులలో దాచుకొనుచున్నవి. ఆ గడులన్నిట ఒకట్లే నిండినప్పుడు అందు ఇముడు మిక్కిలి పెద్ద పూర్ణసంఖ్య మల్లన పద్యమున నున్నదే.