అంకితం వెంకట నరసింగరావు

పుష్యమాసపు చలిలో తెల్లవారుజామున లేచి, డాబా ఎక్కి, దీపపు వెలుగున పాదరసపు మట్టము చూచి ఆ అంకెను పుస్తకములో వ్రాసికొనే మనిషిని లోకము వింతగా చూస్తుంది. మరునాడు మరల అదే పని, ఆ మరునాడు మరల అదే పని. నెల గడచినా, ఏడాది గడచినా ఆ పుస్తకములో చెప్పుకోదగిన విశేషమేమీ కనిపించదు. ఒక సంవత్సరపు అంకెలు కథ చెప్పవు; ముప్పది సంవత్సరాల అంకెలు చెపుతవి. అంతకాలము ఓపిక పట్టగల మనిషి దొరకడమే కష్టము. అటువంటి మనిషి పందొమ్మిదవ శతాబ్దపు విశాఖపట్నములో ఉండేవారు. ఆయన పేరు అంకితం వెంకట నరసింగరావు. ఆంగ్ల పత్రికలలో ఆయన ఏ. వి. నర్సింగ్ రో అనే రూపములో కనిపిస్తారు. ఆ రూపమును చూచి ఈయన తెలుగువాడని గుర్తించడము ఒకింత కష్టమే.

ఆయన చరిత్రను ఆయన మామగారితో మొదలుపెట్టక తప్పదు. గోడే వెంకట జగ్గారావు 1817లో జన్మించిన జమీందారు. సంపన్న గృహములో పుట్టిన యువకుడు చెన్నపట్నము వెళ్ళి అక్కడి వేధశాలాధిపతి టేలరుగారి వద్ద ఖగోళశాస్త్రము అభ్యసించడము ఆనాటికి అసామాన్యమైన విషయము. 1835లో హేలీ తోకచుక్క తిరిగి వచ్చినప్పుడు దాని గతిని గణించిన వారిలో పద్దెనిమిదేండ్ల ఈ తెలుగు యువకుడు ఒకడు. 1840లో ఆయన విశాఖపట్నములో తన నివాసములోనే ఒక వేధశాల నెలకొల్పినారు. ఇంగ్లాండునుండి దూరదర్శిని, గ్రహముల యామ్యోత్తర సంక్రమణమును కొలిచే యంత్రము, కాలమును తప్పక చూపే గడియారము తెప్పించినారు. ఆ ప్రదేశమును నేడు డాబాగార్డెన్స్ అంటారు. ఆ పేరు దినమూ పలికే నగరవాసులలో ఎందరికి ఈ సంగతి తెలుసునో చెప్పలేము.

వేధశాల పుట్టిన కాలమును గమనించడము మంచిది. అంతకు ముందటి యేడే, 1839 నవంబరులో, గోదావరి ముఖద్వారమున ఉన్న కోరంగి రేవును తుపాను ముంచివేసినది. ఓడలు నేలమీదికి కొట్టుకొని వచ్చినవి, ఊళ్ళు తుడిచిపెట్టుకొని పోయినవి. ఆ ఉపద్రవమే జగ్గారావుగారిని ప్రేరేపించినదని చెప్పడానికి ఆధారము లేదు. అయితే ఈ తీరములో శీతకాలము ఆరంభమయ్యే రోజులు ఎంత భయంకరమైనవో ఆనాటి విశాఖవాసులకు ఎవరూ నేర్పవలసిన అవసరము లేకపోయినది. కొండమీది నారికేళవనమును, నీలపు సముద్రమును వర్ణించే కవులకు కార్తీకమాసము మనోహరమైనది కావచ్చు. పడవ నడిపేవానికి అది ప్రాణాంతకమైన మాసము.

1856లో జగ్గారావుగారు గతించినారు. అప్పటికి ఆయన వయస్సు నలుబది నిండలేదు. ధనికుల విద్యావ్యసనములు సామాన్యముగా వారితోనే పోతవి. యజమాని పోగానే యంత్రములకు త్రుప్పు పట్టడము, పుస్తకములకు చెదలు పట్టడము మన దేశములో అలవాటైన దృశ్యము. ఇక్కడ అట్లు జరుగలేదు. జగ్గారావుగారి కుమార్తె అచ్చయ్యమ్మ భర్త నరసింగరావుగారు అప్పటికి ప్రభుత్వోద్యోగములో ఉన్నారు. 1827లో జన్మించిన ఆయనకు అప్పుడు ఇరువది తొమ్మిదేండ్లు. డిప్యూటీ కలెక్టరు పదవి ఆ దినములలో ఒక భారతీయునికి లభించగల ఉన్నత పదవులలో ఒకటి. గౌరవము, అధికారము, వేతనము మూడూ కలిసి వచ్చే కొలువు. దానిని విడిచి మామగారి వేధశాల బాధ్యత నెత్తిన వేసుకొన్నారు. బంధుమిత్రులు ఏమనుకొన్నారో ఊహించడము కష్టము కాదు. నక్షత్రములను లెక్కపెట్టడానికి కచేరీని వదలిన అల్లుణ్ణి ఏ ఇంటివారు మెచ్చుకొంటారు?

ఖగోళశాస్త్రమునకు ఆయన చేసిన సేవ లోకమునకు కొంత తెలిసినది. బుధ గ్రహము సూర్యబింబముమీదుగా సాగిపోవడమును పరిశీలించినారు; తోకచుక్కలను పట్టించుకొన్నారు. 1874 డిసెంబరు 9వ తేదీన, శీతకాలపు ఉదయమున, శుక్రుడు సూర్యబింబమును దాటిన అపూర్వ సంఘటనను తన వేధశాలనుండి పరిశీలించి ఆ ఫలితములను లండనుకు పంపినారు. ఆ పరిశీలనకై ఆరంగుళముల కటకము గల క్రొత్త దూరదర్శినిని సమకూర్చుకొన్నారు. అంతకు ముందే, 1871లో, రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆయనను సభ్యునిగా స్వీకరించినది. 1872లో రాయల్ జాగ్రఫికల్ సొసైటీ అదే గౌరవము చేసినది. చెన్నపట్నములో చింతామణి రఘునాథాచార్యులు చేస్తున్న కృషికి తెలుగుదేశములో జోడు ఏదని అడిగితే, విశాఖవైపు చూపవలసినదే. రఘునాథాచార్యులు ప్రభుత్వ వేధశాలలో ఉద్యోగి. నరసింగరావుగారికి జీతమిచ్చేవారు లేరు, పని చెప్పేవారూ లేరు.

శుక్రసంక్రమణము వంటివి పండుగలు. ఏడాదిలో మిగిలిన దినములన్నీ వాతావరణపు లెక్కలవే. ఆ పని స్వరూపమేమిటో కొంచెము వివరముగా చెప్పవలసి ఉన్నది.

భారమితిలోని పాదరసము మన ప్రాంతాలలో ప్రతిదినమూ ఒక క్రమములో పోటు పాటులు పొందుతుంది. ఉదయము సుమారు పది గంటలకు ఎక్కి, సాయంకాలము నాలుగు గంటలకు దిగి, రాత్రి పదింటికి మరల ఎక్కి, తెల్లవారుజామున నాలుగింటికి మరల దిగుతుంది. సముద్రపు ఆటుపోట్లవలె వాయుమండలమునకూ ఒక ఉచ్ఛ్వాస నిశ్వాసములు ఉన్నవన్నమాట. ఈ దిన క్రమము ఎరుగనివాడు సాయంత్రము పాదరసము దిగడము చూచి తుపాను వస్తున్నదని కేకలు వేస్తాడు. క్రమము ఎరిగినవాడు, దిగవలసిన దానికన్న ఎంత ఎక్కువ దిగినదో చూస్తాడు. అందుకే ఒకే యంత్రముతో, ఒకే చోట, ఒకే వేళకు చూడవలెను. చూచిన అంకెను అట్లే ఉంచరాదు. వెచ్చదనమునకు పాదరసము వ్యాకోచిస్తుంది కనుక దానిని మంచుగడ్డ కరిగే ఉష్ణమానమునకు దించి లెక్కించవలెను. యంత్రము సముద్రమట్టమునకు ఎంత ఎత్తున ఉన్నదో దానికీ సవరణ చేయవలెను. పొడిగా ఉన్న ఉష్ణమాపకము ఒకటి, తడిగుడ్డ చుట్టిన ఉష్ణమాపకము ఒకటి ప్రక్కప్రక్కన ఉంచి, రెండింటి భేదమునుబట్టి గాలిలోని తేమను గణించవలెను. శీతకాలములో ఈ భేదము ప్రత్యేకముగా చెప్పుకోదగినది. ఈశాన్యపు పొడిగాలి వీచే దినమున అది పెరుగుతుంది; మంచు దట్టముగా దిగిన ఉదయమున రెండు అంకెలూ ఇంచుమించు ఒకటవుతవి. తడిగుడ్డ ఎండిపోయినా, దానిపై ఉప్పుగాలి పేరుకొన్నా లెక్క తప్పుతుంది. సముద్రపు ఒడ్డున ఈ జాగ్రత్త ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

ఈ లెక్కలు విశాఖకు మాత్రమే పరిమితమైతే వీటికి ఇంత విలువ ఉండదు. 1864లో అక్టోబరున కలకత్తాను, నవంబరు 1న మచిలీపట్నమును తుపానులు ధ్వంసము చేసినవి. మచిలీపట్నములో ముప్పదివేలమంది మరణించినారని లెక్క. 1866లో ఒరిస్సా కరవు వచ్చినది. ఈ దెబ్బల తరువాతగాని, దేశమంతటి వాతావరణమును ఒక్కచోట చేర్చి చూడవలెనని ప్రభుత్వమునకు తోచలేదు. 1875లో భారత వాతావరణశాఖ ఏర్పడి, బ్లాన్‌ఫర్డు దానికి అధిపతి అయినారు. ఆ శాఖకు విశాఖనుండి లెక్కలు పంపినది ఒక గృహస్థు తన ఇంటివద్ద నడుపుకొనే వేధశాల.

ఆ మరు సంవత్సరమే పరీక్షాకాలము వచ్చినది. 1876 అక్టోబరు ఆరంభములో విశాఖ తీరమును ఒక పెద్ద తుపాను తాకినది. అదే నెల చివర మరొక తుపాను వంగదేశములోని బాకర్‌గంజి ప్రాంతమును ముంచి లక్షలమందిని బలిగొన్నది. ఈ రెండింటినీ కలిపి పరిశోధించి ఇలియట్ అనే శాస్త్రజ్ఞుడు 1877లో ఒక విపుల నివేదిక ప్రకటించినారు. విశాఖ పేరు వాతావరణశాస్త్ర గ్రంథములలోకి ఆ విధముగా ఎక్కినది.

ఇక్కడ మరొక సంగతి చెప్పకుండా ముందుకు పోరాదు. విశాఖను వాన ముంచెత్తిన ఆ అక్టోబరులోనే కడప, కర్నూలు, బళ్ళారి సీమలలో మబ్బు కనబడలేదు. ఖాజీపేట, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు ప్రాంతాల నల్లరేగడి నేలలలో ఆశ్వయుజ కార్తీకముల తడిమీద విత్తి, శీతకాలపు మంచుమీద శనగను, జొన్నను పండించుకొనే రైతుకు ఈశాన్యపు వానలు తప్పితే మిగిలేది ఏమీ లేదు. కోస్తావాసి ఏ వాయుగుండమును చూచి భయపడతాడో, సీమరైతు దానికోసమే ఆకాశమువైపు చూస్తాడు. ఆ యేడు మొదలైన క్షామము 1878 వరకు దక్షిణదేశమును పీడించినది. దానికి తీవ్రముగా బలియైన జిల్లాలలో కడప ఒకటి. ఒకే నెలలో ఒకచోట జలప్రళయము, మరొకచోట అనావృష్టి ఎట్లు సంభవించినవి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకాలంటే విశాఖ అంకెలు, కడప అంకెలు, ఉత్తరదేశపు అంకెలు అన్నీ ఒకే వేళకు తీసినవి కావలెను. బ్లాన్‌ఫర్డు ఈ దారిని పోయే, హిమాలయములపై శీతకాలమున కురిసే మంచునకు మరుసటి వేసవి వానలకు సంబంధము కలదని 1884లో ప్రతిపాదించినారు. చలికాలపు లెక్కలను ఉపేక్షించినవారు వానకాలమును తెలిసికొనలేరని దీనివలన తేలినది.

నరసింగరావుగారి పనిలో లోపము లేకపోలేదు. తెలిసినంతవరకు ఆయన శాస్త్ర రచన ఆంగ్లములోనే సాగినది. తుపాను లక్షణములను, భారమితి చూచే విధమును తేట తెలుగున వ్రాసి రేవులలోని పడవవారికి అందజేసి ఉంటే ఎంత ఉపకారము జరిగి ఉండేదో! రఘునాథాచార్యులు 1874 శుక్రసంక్రమణమును గూర్చి దేశభాషలలో పుస్తకము వెలువరించిన సంగతి తలచుకొంటే ఈ కొరత మరింత స్ఫుటముగా కనిపిస్తుంది. అయితే జనులకు ఆయన ఏమీ చేయలేదని అనరాదు. డాల్ఫిన్ నోస్ కొండమీది ధ్వజస్తంభమునకు ఈ కుటుంబమే పోషకులు. రేవులో ఆగిన ఓడలకు ఆ స్తంభముమీది జెండాయే సంకేతము.

ముప్పదియారు సంవత్సరాలు వేధశాలను నడిపి నరసింగరావుగారు 1892లో కన్నుమూసినారు. మామగారు పోయినప్పుడు తలయెత్తిన ప్రశ్నే మరల ఎదురైనది. ఈసారి దానికి సమాధానము చెప్పినది అచ్చయ్యమ్మగారు. వేధశాలను స్థాపించినవారి కూతురు, దానిని నిలిపినవారి భార్య ఆమె. ఈ రెండు తరముల కథలో ఆమె పేరు ఒక్కొక్క పంక్తిలోనే వచ్చి పోతుంది. కాని ఆ యంత్రములు ఆ ఇంటిలో ఏబదియేండ్లకు పైగా నిలవడానికి ఆమె సమ్మతి లేకుండా వీలయ్యేది కాదు. 1894లో ఆమె వేధశాలను, దాని నిర్వహణకు వలసిన నిధిని మద్రాసు ప్రభుత్వమునకు అప్పగించే ఏర్పాటు చేసినారు. తాతగారి పేరు పెట్టుకొన్న కుమారుడు జగ్గారావు దాని బాధ్యత స్వీకరించినారు. విశాఖపట్నపు వాన, గాలి, చలి, ఉక్కల లెక్కలు 1894వ సంవత్సరమునకు గోడే వెంకట జగ్గారావు వేధశాల పేరిట అచ్చయి వెలువడినవి.