గ్రాన్‌విల్ వుడ్స్: డిమ్మర్ వెనుక ఒక నల్లజాతి ఇంజినీరు

గోడ మీద గుండీ తిప్పితే లైటు మెల్లగా తగ్గుతుంది. దాన్నే డిమ్మర్ అంటున్నాం. ఆలేరు లాంటి ఊళ్లలో ఈ పని చేసే ఎలక్ట్రీషియన్లలో మన వాడల పిల్లలూ ఉన్నారు. గోడకు గాడి కొట్టేది, పైపు వేసేది, వైరు లాగేది వాళ్లే. ఈ పరికరం చరిత్రలో గ్రాన్‌విల్ టి. వుడ్స్ అనే నల్లజాతి ఇంజినీరు ఉన్నాడన్న మాట మాత్రం వాళ్ల దాకా రాలేదు.

వుడ్స్ 1856లో పుట్టాడు. పదేళ్లకే బడి మాని మెషిన్ షాపులో పనికి చేరాడు. రైల్వేల్లో, ఉక్కు కార్ఖానాల్లో చెమటోడ్చాడు. చదువంతా పని దగ్గరే, దొరికిన పుస్తకాల్లోనే. చాలా పుస్తకాల్లో పుట్టిన ఊరు ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ అని ఉంటుంది. ఆయనే కొన్నిసార్లు ఆస్ట్రేలియాలో పుట్టానని చెప్పుకున్నాడు. దీన్ని అబద్ధమని కొట్టిపారేయడం సులువు. కిరాయి ఇల్లు దొరకడానికి ఇంటిపేరు మింగేసిన వాళ్లు మన మధ్య ఎందరు లేరు? నల్లవాడని తెలిస్తే పెట్టుబడి పెట్టేవాడు వెనక్కి తగ్గే కాలం అది.

1885లో ఒకే తీగ మీద తంతినీ మాటనూ పంపే పద్ధతికి పేటెంటు తెచ్చాడు. దాని హక్కుల్ని అమెరికన్ బెల్ కంపెనీ కొనుక్కుంది. 1887లో కదిలే రైలు నుంచే స్టేషన్‌కు తంతి పంపే పద్ధతికి పేటెంటు వచ్చింది. ముందున్న రైలు ఎక్కడుందో వెనకాల వచ్చే డ్రైవరుకు తెలిస్తే రైళ్లు గుద్దుకోవు. సికింద్రాబాద్–కాజీపేట లైను మీద ఆలేరు స్టేషన్లో నిలబడ్డవాళ్లకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. అదే ఆలోచన తనదని లూషియస్ ఫెల్ప్స్ పోటీకి వచ్చాడు. వుడ్స్ తన పాత గీతలూ సాక్ష్యాలూ చూపించి గెలిచాడు.

గెలిచినా చేతిలో డబ్బు నిలవలేదు. న్యూయార్క్‌లో ఒక కంపెనీ తన విద్యుత్ రైలు పద్ధతిని కాజేస్తోందని పత్రికలో హెచ్చరిక వేస్తే, పరువు నష్టం నేరం కింద ఆయన్నే అరెస్టు చేయించారు. చివరికి నిర్దోషిగా తేలాడు. దొంగ అని అరిచినవాడినే ముందు పోలీస్ స్టేషన్‌లో కూర్చోబెట్టడం మనకూ కొత్త కాదు.

ఇక డిమ్మర్ సంగతి. ఆ రోజుల్లో నాటకశాలల్లో వెలుగు తగ్గించాలంటే కరెంటు దారిలో పెద్ద పెద్ద నిరోధకాలు పెట్టేవారు. తగ్గించిన కరెంటులో కొంత వేడిగా మారి వృథా అయ్యేది, నిప్పు భయం అదనం. మన ఇళ్లలో పాత డబ్బా ఫ్యాన్ రెగ్యులేటర్ చెయ్యి పెడితే కాలేది కదా, అదే సూత్రం. 1896 అక్టోబర్ 13న వుడ్స్‌కు వచ్చిన పేటెంటు ఈ వృథానూ ప్రమాదాన్నీ తగ్గించే ప్రయత్నం. కరెంటు ఖర్చు 40 శాతం దాకా తగ్గిందని ఆయన జీవిత కథల్లో రాస్తారు.

అదే ఏడాది మేలో అమెరికా సుప్రీంకోర్టు నల్లవాళ్లకు వేరే రైలు పెట్టెలు పెట్టడం న్యాయమేనని తీర్పిచ్చింది. రైళ్లు గుద్దుకోకుండా చూసే తంతి కనిపెట్టినవాడు దక్షిణాదిలో రైలెక్కితే వేరే పెట్టెలో కూర్చోవాలి.

ఇవాళ్టి డిమ్మర్ ఆయనది కాదు. 1959 ప్రాంతంలో జోయెల్ స్పైరా చేసిన ఎలక్ట్రానిక్ డిమ్మర్ నుంచి వచ్చిన కుటుంబం ఇది. కరెంటును కాల్చి పారేయకుండా, ప్రతి అరతరంగంలో కొంత భాగం ఆపేస్తుంది. మెట్ల కిందొకటి, పైనొకటి స్విచ్చు ఉన్న లైటుకు దీన్ని పెట్టేటప్పుడు చాలామంది తికమకపడతారు. మామూలు డిమ్మర్ రెండు చోట్లా పెట్టకూడదు. ఒక చోట టూవేకు పనికొచ్చే డిమ్మర్, రెండో చోట పాత టూవే స్విచ్చే ఉండాలి. మెయిన్ ఆపేసి, టెస్టరుతో చూసి, పాత స్విచ్చులో కామన్ వైరు ఏదో గుర్తు పెట్టుకున్నాకే విప్పాలి. ఎల్ఈడీ బల్బు డిమ్మర్‌కు పనికొచ్చే రకమై ఉండాలి, లేకపోతే మినుకుమినుకుమంటుంది.

వుడ్స్‌ను నల్ల ఎడిసన్ అని పొగిడేవాళ్లున్నారు. ఆ మాట నాకు నచ్చదు. ఆయన గొప్పతనం నిలబడటానికి ఎడిసన్ భుజం దేనికి? మూడో పట్టాను ఆయనే కనిపెట్టాడని ప్రచారం చేయడమూ మంచిది కాదు. ఆ ఆలోచన అంతకుముందే ఉంది. ఆయన దాన్ని మెరుగుపరిచాడు. 1901లో ఆ పేటెంటు జనరల్ ఎలక్ట్రిక్ చేతికి పోయింది. బ్రేకుల పేటెంట్లు వెస్టింగ్‌హౌస్‌కు చేరాయి. మొత్తం 50కి పైగా పేటెంట్లున్న మనిషి, పెట్టుబడి లేక ఒక్కొక్కటీ అమ్ముకుంటూ బతికాడు.

1910 జనవరి 30న న్యూయార్క్‌లో, హార్లెం ఆసుపత్రిలో కన్నుమూశాడు. మూడేళ్ల తర్వాత అంబేడ్కర్ ఆ హార్లెం పక్కనే ఉన్న కొలంబియా విశ్వవిద్యాలయానికి చదువుకోవడానికి వచ్చాడు. అప్పటికి వుడ్స్ క్వీన్స్‌లోని సెయింట్ మైకేల్స్ శ్మశానంలో, పేరు లేని సమాధిలో ఉన్నాడు. ఆ సమాధికి రాయి పడింది 1975లో. ఎం.ఎ. హారిస్ అనే చరిత్రకారుడు కంపెనీల దగ్గర చందాలు అడిగి వేయించాడు.