కేరీ గారి పేరు మోస్తున్న రెండు మొక్కలు

విలియం కేరీ గారిని మన సంఘాలు బైబిలు అనువాదకునిగా ఎరుగును. ఆయన పేరుతో మొక్కలున్న సంగతి చాలామందికి తెలియదు. ఈ వారం ఆ మొక్కల వెంబడి ఆయన జీవితాన్ని ధ్యానిద్దాం.

1761లో ఇంగ్లండులోని పాలర్స్‌పరీ గ్రామంలో ఒక నేతపనివాని ఇంట ఆయన జన్మించారు. చెప్పులు కుట్టి బ్రతుకుతూనే మొక్కలనూ పురుగులనూ శ్రద్ధగా పరిశీలించేవారు. 1793లో బెంగాలుకు వచ్చారు. మరుసటి ఏడే కుమారుడు పీటర్ చనిపోయాడు. భార్య డొరతీ గారి మనస్సు చెదిరి, 1807లో ఆమె మరణించేవరకు కోలుకోలేదు. ఈ సేవకు ఆ తల్లి చెల్లించిన వెల మనం మరువరాదు.

1800లో శ్రీరాంపూరు చేరిన కేరీ గారు అక్కడ పెద్ద తోట వేశారు. అదే ఆయన ప్రార్థనా స్థలం కూడా. మన సామర్లకోటలో తోట పెంచి, తరువాత కలకత్తా వెళ్లిన విలియం రాక్స్‌బర్గ్ ఆయన స్నేహితుడు. ఒక మొక్కల ప్రజాతికి కేరియా అని పేరు పెట్టింది ఆయనే. రాక్స్‌బర్గ్ మరణించాక ఆయన వ్రాసిన ఫ్లోరా ఇండికాను కేరీ గారు శ్రీరాంపూరులో అచ్చువేయించారు.

కేరియాలో రెండు జాతులను చూడండి. వాటి పువ్వులు అక్కచెల్లెళ్లలా పోలి ఉంటాయి. కేరియా ఆర్బోరియా అడవిలో పెద్ద చెట్టవుతుంది. మన తూర్పు కనుమల్లోనూ ఉంది. కేరియా హెర్బేసియా బెంగాలు, హిమాలయ పాదాల గడ్డినేలల్లో మోకాలెత్తు దాటదు. దాని బలమంతా నేల క్రింద ఉంటుంది. వేసవి మంటలు పైభాగాన్ని కాల్చినా వేరునుండి మళ్లీ చిగురిస్తుంది.

ఒకే మూలంనుండి వచ్చిన మొక్కలు వేర్వేరు చోట్ల స్థిరపడితే, తరతరాలుగా జన్యువుల్లో చిన్న మార్పులు వస్తాయి. ఆ చోట బ్రతకడానికి తోడ్పడేవి నిలుస్తాయి. రెండు గుంపుల మధ్య పుప్పొడి కలవడం తగ్గేకొద్దీ అవి వేర్వేరు జాతులవుతాయని నేటి శాస్త్రం చెబుతుంది. కేరీ గారి కాలంలో జన్యువుల సంగతి ఎవరికీ తెలియదు. అయినా సృష్టిని పరిశీలించడం విశ్వాసానికి విరోధమని ఆయన తలంచలేదు. కాలేజీలో ఈ పాఠం చదివి కలవరపడే మన యౌవనస్థులు దీనిని గమనించాలి.

భాషల విషయంలోనూ ఆయనది అదే ఓర్పు. ఏ జనుల భాషలో వారికి సువార్త అందాలని శ్రమించారు. 1812లో అచ్చుశాల తగలబడి, ఏళ్ల తరబడి వ్రాసిన ప్రతులు బూడిదయ్యాయి. ఆయన మళ్లీ మొదలుపెట్టారు. 1814లో ఆయన తెలుగు వ్యాకరణం, 1818లో తెలుగు క్రొత్త నిబంధన శ్రీరాంపూరునుండి వెలువడ్డాయి. 1823లో వరద తోటను ముంచెత్తితే మరల నాటారు. 1834 జూన్ 9న ప్రభువునందు నిద్రించారు.

ప్రియులారా, పల్లె సంఘంలో డప్పు మ్రోగుతుంది, పట్టణ సంఘంలో పియానో వినిపిస్తుంది. ఒకరి ఆరాధన చూచి మరొకరు నవ్వడం మన మధ్య మామూలైపోయింది. చెట్టు గడ్డినేలలోని చెల్లెలిని పొట్టిదని ఎంచితే, ఆ చెల్లెలు ఎన్ని మంటలు దాటివచ్చిందో దానికి తెలియదన్నమాట. ఈ ఆదివారం పొరుగు సంఘాన్ని విమర్శించే ముందు, వారు ఏ నేలలో నిలబడ్డారో అడిగి తెలుసుకుందాం.