రంగనాథుని సన్నిధిలో తెలుగు నాదస్వరం

కొల్లేటి సీమలోని కలిదిండికి వెళ్ళి పాతాళ భోగేశ్వర స్వామిని సేవించుకున్న భక్తులు ఆ నేల చరిత్రను కొంత వినే ఉంటారు. 11వ శతాబ్దంలో వేంగి ప్రభువైన రాజరాజ నరేంద్రునికి బాసటగా చోళదేశం నుంచి తరలివచ్చిన సేనానులు ఇక్కడి యుద్ధంలో నేలకొరిగారు. వారి స్మృత్యర్థం ఆ ప్రభువు కలిదిండిలో శివాలయాలు కట్టించి, దానశాసనం వేయించాడు. కావేరీ తీరంతో తెలుగు నేలకు ఉన్న ఆ ప్రాచీన బంధాన్ని 20వ శతాబ్దంలో నాదంతో పునరుద్ధరించిన ధన్యజీవి షేక్ చినమౌలానా. ఆ మహావిద్వాంసుని చరితను ఈ ఆదివారం స్మరించుకుందాం.

ఆలయంలో మంగళవాద్యం అలంకారం కోసం ఏర్పడింది కాదని మీకు తెలుసు. స్వామికి జరిగే షోడశోపచారాలలో గీతవాద్యాలకూ స్థానముంది. తెల్లవారుజామున భూపాలంతో స్వామిని మేల్కొలిపేదీ, ఊరేగింపులో వాహనానికి ముందు నడిచేదీ, రాత్రివేళ నీలాంబరితో జోలపాడేదీ నాదస్వరమే. కల్యాణ వేదికపై మాంగల్యధారణ వేళ డోలు, సన్నాయి ఒక్కసారిగా మ్రోగితేనే మన మనస్సులకు నిండుదనం. కనుక ఆలయ వాద్యకారునికి రాగజ్ఞానం ఒక్కటే చాలదు. ఏ సేవకు ఏ రాగం తగునో, ఏ ఘట్టంలో ఎంతసేపు వాయించాలో, ఎక్కడ ఆపాలో తెలిసి ఉండాలి. అది గురువు వెంట నడిచి, ఏళ్ళ తరబడి సేవించి గ్రహించవలసిన విద్య.

చినమౌలానా 1924 మే 12న ఒంగోలు సమీపంలోని కరవది గ్రామంలో జన్మించారు. ఆనాడు అది గుంటూరు జిల్లాలోనిది. గుంటూరు, ఒంగోలు ప్రాంతాలలో ఎన్నో ముస్లిం కుటుంబాలు తరతరాలుగా నాదస్వరాన్నే కులవిద్యగా చేసుకుని హిందూ దేవాలయాలలో సేవ చేస్తూ వచ్చాయి. చినమౌలానా వంశం అటువంటిదే. తొలి గురువు తండ్రి కాశిం సాహెబ్. ఆ తరువాత చిలకలూరిపేటలో ప్రఖ్యాత విద్వాంసుడు ఆదం సాహెబ్ వద్ద శిష్యరికం చేశారు.

ఈ విద్య ఎంతటి కఠోర సాధనను కోరుతుందో ఒక్కసారి ఆలోచించండి. నాదస్వరంపై వేళ్ళతో మూసి తెరిచే రంధ్రాలు ఏడే. వాటి నడుమనున్న సూక్ష్మ స్వరాలన్నీ ఊపిరి ఒత్తిడితోనూ, పెదవుల బిగింపుతోనూ, రంధ్రాన్ని సగం మూయడంతోనూ పుట్టించాలి. ఎండలోనైనా, అర్ధరాత్రి ఊరేగింపులోనైనా, గంటల తరబడి నిలబడీ నడుస్తూ వాయించాలి. ఊపిరిపై పట్టు సాధించడం ఇందులో ఒక యోగాభ్యాసం వంటిదే.

ఆంధ్రదేశంలో పేరు తెచ్చుకున్న తరువాత ఆయన జీవితంలో ఒక మలుపు వచ్చింది. రాగాన్ని నింపాదిగా, విస్తారంగా ఆలపించే తంజావూరు బాణి ఆయన మనస్సును ఆకట్టుకుంది. అప్పటికి తాను విద్వాంసుడు. నేర్చినది చాలుననుకుంటే అడ్డుచెప్పేవారు లేరు. అయినా ఆయన తమిళదేశం వెళ్ళి, నాచ్చియార్‌కోయిల్ సోదరులైన రాజం పిళ్ళై, దొరైకణ్ణు పిళ్ళైల ముందు తిరిగి శిష్యునిగా కూర్చున్నారు. గడించిన పేరును పక్కన పెట్టి మరల ఓనమాలకు సిద్ధపడగలగడం ఎందరికి సాధ్యం? అహంకారం కరిగిన చోటనే విద్య నిలుస్తుందని పెద్దలు చెప్పే మాటకు ఆయన జీవితమే ప్రత్యక్ష నిదర్శనం.

1960ల దశకంలో ఆయన స్వగ్రామాన్ని విడిచి శ్రీరంగంలో స్థిరపడ్డారు. శ్రీరంగనాథుని నీడలో నాదసేవ చేస్తూ జీవించాలన్నదే ఆయన ఆకాంక్ష. ఇస్లాం కుటుంబంలో పుట్టిన ఆ విద్వాంసుడు రామభక్తునిగా, రంగనాథుని సేవకునిగా లోకానికి పరిచితులయ్యారు. నాదస్వరానికి పుట్టినిల్లయిన ఆ సీమలో, మహామహులైన విద్వాంసుల నడుమ, ఒక తెలుగు కళాకారుడు అగ్రశ్రేణిలో నిలవడం సామాన్య విషయం కాదు. 1977లో కేంద్ర ప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించింది. 1998లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదు ప్రదానం చేసింది.

బిరుదులతో ఆయన తృప్తి చెంది ఊరుకోలేదు. తాను పొందిన విద్య తనతోనే ఆగిపోరాదని 1982లో శ్రీరంగంలో శారదా నాదస్వర సంగీత ఆశ్రమాన్ని స్థాపించి, గురుకుల పద్ధతిలో శిష్యులను తీర్చిదిద్దారు. ఆయన మనుమలు కాశిం, బాబు ఆ పరంపరను కొనసాగించారు. ఆయన శిష్యులైన తెలుగు దంపతులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీలకు 2020లో పద్మశ్రీ లభించింది. ఆలయ వాద్యం పురుషులకే పరిమితమనుకునే లోకానికి కాలీషాబీ సాధన ఒక సమాధానం. గురువు వెలిగించిన దీపం శిష్యుల చేతులలో ఎలా వెలుగుతుందో చూశారా!

చినమౌలానా 1999 ఏప్రిల్ 13న పరమపదించారు.

పాఠక మహాశయులారా! కలిదిండి కోవెలలోనైనా, ద్వారకా తిరుమల కొండపైనైనా, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరలోనైనా సన్నాయి వినిపించినప్పుడు ఒక్క క్షణం ఆగి చెవియొగ్గండి. ఆ ఒక్క రాగం వెనుక ఎన్ని ఏళ్ళ గురుసేవ దాగి ఉందో తలచుకోండి. మీ ఇంట శుభకార్యం జరిగినప్పుడు యంత్రం నుంచి వచ్చే పాటతో సరిపెట్టుకోక, మేళకారులను పిలిపించి సముచితంగా సత్కరించండి. మీ ఊరి వాద్యకారుని బిడ్డ ఆ విద్య నేర్వాలనుకుంటే ప్రోత్సహించండి. నేర్చేవారికి గురువు, నేర్చినవారికి ఆదరణ ఉన్నంతకాలం దేవుని గుడిలో మంగళనాదం ఆగదు. ఆ నాదాన్ని నిలబెట్టడమూ భగవత్సేవయే.