వికృత రూపం వెనుక కరుణామూర్తి – బోరిస్ కార్లాఫ్

భయానక చిత్రాల చరిత్రలో చెరగని ముద్ర వేసిన బోరిస్ కార్లాఫ్ అసలు పేరు విలియం హెన్రీ ప్రాట్. 1887 నవంబరు 23న లండన్‌లోని క్యాంబర్‌వెల్‌లో జన్మించిన ఆయనకు భారతదేశంతో వంశపరమైన అనుబంధం ఉంది. తండ్రి బ్రిటిష్ ఇండియాలో ఉప్పు సుంకాల శాఖలో పనిచేశారు. కుటుంబంలో భారతీయ మూలాలు ఉన్నాయి. చిన్నతనంలోనే తల్లిదండ్రులను కోల్పోయిన ఆయనను తోబుట్టువులు పెంచారు.

అన్నల మాదిరిగా దౌత్య ఉద్యోగంలో చేరాలన్నది ఇంటివారి ఆకాంక్ష. ఆయన మనసు మాత్రం రంగస్థలంపైనే నిలిచింది. 1909లో కెనడా చేరి, కూలిపనులు చేస్తూ సంచార నాటక బృందాల్లో నటన నేర్చుకున్నారు. హాలీవుడ్‌లో ఏళ్ల తరబడి చిన్న వేషాలే దక్కాయి. చామనఛాయ కారణంగా తరచూ అరబ్బులు, భారతీయుల పాత్రలే లభించేవి. వేషాలు లేని రోజుల్లో లారీ పని చేసి పొట్ట పోసుకున్నారు.

1931లో జేమ్స్ వేల్ దర్శకత్వంలో వచ్చిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. అప్పటికి ఆయన వయసు దాదాపు 44 ఏళ్లు. చిత్రం ప్రారంభంలో ఆ పాత్రధారి పేరుకు బదులు ప్రశ్నార్థకం మాత్రమే వేశారు. జాక్ పియర్స్ గంటల తరబడి తీర్చిదిద్దిన ఆ వికృత రూపానికి మాటలు లేవు. అయినా కళ్లతో, చేతులతో కార్లాఫ్ పలికించిన వేదన ప్రేక్షకుల హృదయాలను కదిలించింది. భయపడవలసిన పిల్లలు సైతం ఆ జీవిపై జాలిపడుతూ ఆయనకు ఉత్తరాలు రాశారు.

ఆ విజయానికి ఆయన శరీరం మూల్యం చెల్లించింది. బరువైన వేషం, సుదీర్ఘమైన పని గంటలు, సహనటుణ్ని మోస్తూ కొండ ఎక్కే సన్నివేశం జీవితాంతం వేధించిన వెన్నునొప్పిని మిగిల్చాయి. నటులకు పనివేళల రక్షణ లేని ఆ కాలంలో స్టూడియోల ఆగ్రహాన్ని లెక్కచేయక, 1933లో ఏర్పడిన స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ వ్యవస్థాపకుల్లో ఒకరయ్యారు. 1937లో ఆ సంఘం నిర్మాతలతో తొలి ఒప్పందం సాధించింది. తారాస్థాయి అందుకున్న తరువాత కూడా సాటి నటుల కష్టాన్ని ఆయన మరువలేదు.

‘ది మమ్మీ’ (1932), ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ (1935) ఆయన కీర్తిని సుస్థిరం చేశాయి. బుల్లితెరపై 1960–62 మధ్య 67 భాగాలుగా ప్రసారమైన ‘థ్రిల్లర్’ ధారావాహికకు వ్యాఖ్యాతగా వ్యవహరిస్తూ, కొన్ని భాగాల్లో నటించారు. 1966లో పిల్లల యానిమేషన్ చిత్రం ‘హౌ ది గ్రించ్ స్టోల్ క్రిస్మస్’లో కథకుడిగా, గ్రించ్‌గా గళమిచ్చారు. ఆ ధ్వనిముద్రణకు గ్రామీ పురస్కారం లభించింది.

కీళ్లవాతం, శ్వాసకోశ వ్యాధి కుంగదీసినా చివరి వరకు నటన మానలేదు. 1969 ఫిబ్రవరి 2న, 81 ఏళ్ల వయసులో ఇంగ్లండ్‌లో కన్నుమూశారు. తెరపై భయానికి మారుపేరైన ఆ నటుడు, తెర వెనుక సాటి కళాకారులకు అండగా నిలిచిన సౌమ్యుడిగా చిరస్మరణీయుడు.