మేజోళ్ల మగ్గమును గనిపెట్టిన విలియం లీ

పడుగు పేకలతో జీవించు మన కులమువారికి, ఒంటిదారముతో వస్త్రము నల్లు యంత్రమును నిర్మించిన విలియం లీ చరిత్రము పరాయిది గాదు. నేడు మనము ధరించు బనియనులు, మేజోళ్లు మున్నగు మిల్లు అల్లికలకు మూలపురుషు డీతడే. కావున నాతని జీవితమును సంగ్రహముగా సభ్యులకు నివేదించుచున్నారము.

ఇంగ్లండున నాటింగుహామ్ మండలమందలి కాల్వర్టన్ గ్రామము లీ జన్మస్థానము. పదునాఱవ శతాబ్ది యుత్తరార్ధమున జన్మించి, విద్యావంతుడై, మతగురువుగా నుండెనని ప్రతీతి. ఆ కాలమున మేజోళ్లను చేతిసూదులతోడనే యల్లెడివారు. మెలికలు ఒకదాని వెంట నొకటిగా బుట్టెడివి. లీ 1589లో నిర్మించిన మగ్గమున వరుసగా నమర్చిన కొక్కెపుసూదులపై నొక వరుస మెలికలన్నియు నొక్కమారే యేర్పడెను. అంగుళమునకు 8 సూదులే యుండుటచే నల్లిక ముతకగా నుండెడిది.

అతడు ప్రత్యేకాధికారమును వేడగా, చేతియల్లికతో పొట్టపోసికొను బీదల కూడు పోవునని శంకించి ఎలిజబెత్తు రాణి నిరాకరించెనని చెప్పుదురు. లీ నిరుత్సాహపడక అంగుళమునకు 20 సూదులమర్చి పట్టుమేజోళ్లను సైత మల్లెను. స్వదేశమున నాదరణము లేకుండుటచే, ఫ్రాన్సురాజగు నాల్గవ హెన్రీ ప్రోత్సాహమున సోదరుడు జేమ్సుతో రువాన్ నగరమున కేగెను. 1610లో నా రాజు హత్యకు గురియగుటతో నాధారము తప్పెను. 1614 ప్రాంతమున లీ పారిసునగరమున పేదఱికముతోడనే కన్నుమూసెను.

జేమ్సు పనివారితో స్వదేశమునకు మరలగా నీ విద్య యచ్చట వేళ్లూనినది. 1657లో నల్లికపనివారి సంఘమునకు రాజ్యాధికారపత్రము లభించెను. 1847లో మాథ్యూ టౌన్సెండు తనంతట మూతపడు నాలుకగల సూదిని గల్పించెను. 1864లో విలియం కాటను ఆవిరిశక్తితో నడుచు యంత్రమునకు హక్కును బొందెను. మన దేశమున తిరుప్పూరు పట్టణము 1920ల నుండి యీ పరిశ్రమచే వృద్ధిబొంది, నేడు విదేశములకు దుస్తుల నంపుచున్నది.

అయినను రాణి శంక పూర్తిగా వ్యర్థము గాదు. 1811లో లీ పుట్టిన మండలముననే యల్లికపనివారు మగ్గములను బగులగొట్టిరి. మగ్గములు యజమానులవి, పనివారు వానికి అద్దె చెల్లింపవలసి యుండెను. కూలి తగ్గినను అద్దె తప్పలేదు. 1812లో మగ్గములను భంగపఱచినవారికి మరణదండనము విధించు చట్టమును జేసిరే గాని, అద్దె బాధను దీర్పరైరి. కూడు తీసినది సూది గాదనియు, సూది యితరుల సొత్తగుటయే యనియు మా యభిప్రాయము.

మన జైపూరున పెగడపల్లియొద్ద సింగరేణి సంస్థవారి 1,200 మెగావాట్ల విద్యుత్కేంద్రము 2016లో నుత్పత్తి నారంభించినది. యంత్రశక్తి మన గుమ్మమునకే వచ్చినది. ఇక యంత్ర మెవ్వరిదను ప్రశ్నయే మిగిలినది. అల్లికపని నేర్వ గోరు మన యువకులు అద్దెమగ్గములపాలు గాక, సహకారసంఘములుగా గూడి యంత్రములను స్వంతము జేసికొందురు గాక. దాతలు భోజనసత్రములకు వలెనే యిందులకును మూలధన మొసంగుదురేని, లీ పడిన శ్రమకు ఫలము మన యిండ్లయందును గానవచ్చును.