డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు

సుబ్బారావు గారు 1895 జనవరి 12న మన భీమవరంలో జన్మించారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు ధరించినందుకు ప్రొఫెసరు ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకున్నారు. 1923లో అమెరికాలోని బోస్టన్ చేరారు. ఆ పట్టాకు అక్కడ డాక్టరు ఉద్యోగం రాలేదు. పగలు హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల గురించి చదువుతూ, రాత్రిళ్ళు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగారు. నర్సింగులో చేరాలని ముందుగా ఏలూరు, తాడేపల్లిగూడెం ఆసుపత్రుల్లో పని నేర్చుకుంటున్న మా హాస్టల్ అక్కలు బెడ్‌పాన్ మాటెత్తితే ముఖం దాచుకుంటారు. ఎందుకమ్మా సిగ్గు? ఆయన 1930లో పి.హెచ్‌డి. పొందారు. తరువాత లెడర్లీ కంపెనీలో ఆయన బృందం కనిపెట్టిన మందే డి.ఇ.సి. బోదకాలు రాకుండా కొల్లేటి ఊళ్ళలో మనం మింగిన మాత్ర అదే. మళ్ళీ భీమవరం చూడకుండానే 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో నిద్రలోనే కన్నుమూశారు.